నాకెవరూ ఎదురుకాలేదు

స్వాన్సీలో గెథిన్ ఒక్కడే నడుపుకునే చిన్న బేకరీ అది. కోర్టులో తీర్పు చెప్పే జూరీలో కూర్చోమని పిలుపొచ్చినా అతను కొట్టు మూయలేదు. తెల్లవారకముందే రొట్టెలు కాల్చి, వ్యానులో షాపులకు చేరవేసి, అటునుంచటే కోర్టుకు వెళ్ళేవాడు.

“వాయిదా అడగొచ్చుగా?” అంది భార్య కేరిస్.

“ఎప్పుడెళ్ళినా కొట్టు నేనొక్కణ్ణే చూసుకోవాలిగా!”

అక్కడి ముద్దాయీ సొంత వ్యాను తోలుకునేవాడే. నిద్రమత్తులో ఒక పిల్లను గుద్ది చంపాడు.

“ఒక్కరోజు మానేస్తే గిరాకీ పోతుందండీ,” అన్నాడు బోనులో.

చివరిరోజు జూరీ తరఫున లేచి “దోషే” అని చెప్పింది గెథినే.

కేరిస్ బయట వ్యాను దగ్గర ఎదురుచూస్తోంది. గెథిన్ తాళం ఆమె చేతిలో పెట్టాడు.

“నువ్వు నడుపు. ఇన్నాళ్ళూ నేనూ నిద్రలోనే నడిపాను కేరిస్. అతనికి పిల్ల ఎదురైంది. నాకెవరూ ఎదురుకాలేదు, అంతే.”