గోడంత ఫోటో

మాఘమాసం. రేపు పుట్టింటివాళ్ల కొత్తింటి గృహప్రవేశం. నవత మాత్రం చీరలు బ్యాగులో కుక్కుతోంది. కోరుట్ల స్టూడియోలో వేయించిన గోడంత ఫోటోను తమ్ముడు మనోహర్ కొత్త హాల్లో ఇప్పుడే తగిలించాడు. అందులో ఇంటిల్లిపాదీ ఉన్నారు, ఆమె తప్ప.

"స్టూడియోల పొరపాటైందక్కా."

"పొరపాటా? మనిషిని తీసేసిండ్రు గని, అవ్వ భుజం మీద నా చెయ్యి మరిచిపోయిండ్రు. స్టూడియోవాళ్లు పంపితె ఫోన్ల కనవడలె. గింత పెద్దగ జేస్తె గాజుల్లేని చెయ్యి కనవడ్తలేదా?"

మనోహర్ తల దించుకున్నాడు. "తియ్యమన్నది అవ్వనే."

"కొత్తిల్లు బిడ్డా, మొగడు పోయినదానివి... నలుగురు ఏమన్న అంటరని," తల్లి అంజవ్వ గొణిగింది.

"'నా బిడ్డ లేకుంటె ఫోటో దిగ' అని ఆనాడు నన్ను పక్కన నిలవెట్టుకున్నది నువ్వే గదవ్వా!"

నవత జిప్పు లాగింది. ఆ మాఘమాసంలో వెళ్లిన నవత మళ్లీ పుట్టింటికి రాలేదు.