ట్రాకు వేగం

పక్షవాతం వచ్చి తగ్గాక కిర్షన్ ఎడమచేతి వేళ్లు గిటారు తీగల మీద మొరాయిస్తున్నాయి. సాధన కోసం ఫోన్‌లో పెట్టుకున్న ట్రాకు మాత్రం డ్రమ్ము, బేసు మోగించుకుంటూ తన దారిన తాను పోతుంది. అతను మళ్లీ వెనకబడ్డాడు.

"ఇక నా వల్ల కాదు. ఆదివారం చర్చిలో ఆ ఫోన్‌నే నా కుర్చీలో కూచోబెట్టుకుని పాడుకో!" అంటూ గిటారును మంచం మీదికి విసిరేశాడు.

"ఫోన్ నీలా తిట్టదుగా అన్నయ్యా, నాకు తోచదు," అంది చెల్లెలు దాఫీషా. అతన్ని నవ్వించాలని చూసింది. గిటారు వదిలేస్తే మనిషి దక్కడని ఆమె భయం.

టీ తెచ్చే నెపంతో ఫోన్ వంటింట్లోకి తీసుకెళ్లి, ట్రాకు వేగం బాగా తగ్గించింది.

బతిమాలగా బతిమాలగా అతను మళ్లీ గిటారు అందుకున్నాడు. ఈసారి ఆమె పాటతోపాటు చివరిదాకా వాయించాడు. "అందుకున్నానే!" అని కేక పెట్టాడు. షిల్లాంగు వాన రేకుల మీద హోరెత్తుతుంటే, ఆమె మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

కాసేపటికి అతను మెల్లగా అన్నాడు. "దాఫీ, నెమ్మది చేశావని పాట మొదటి పాదంలోనే తెలిసింది. నువ్వు సంతోషపడతావని ఊరుకున్నా. కానీ అంత సాగదీసి పాడలేక ఊపిరాడక చస్తున్నావు. వేగం పెంచు. వెనకబడితే పడతాను, వాయించడం మాత్రం ఆపను."