అమ్మ చదివిన బైబిలు

ఒరే తమ్ముడూ, వీబే, నాకు రాయడం రాదు కాబట్టి పక్కింటావిడ చేత ఈ కార్డు రాయిస్తున్నాను.

నిన్న చర్చి పెద్దల్ని వెంటబెట్టుకొచ్చి, "అమ్మ పేరు నిలబడాలక్కా, ఆ బైబిలు చర్చిలో అద్దాల పెట్టెలో పెడతాం" అన్నావు. ఇవ్వనన్నాను. "అక్షరం ముక్క రాదు, నీకెందుకే? పోయేటప్పుడు నెత్తిన పెట్టుకుపోతావా?" అని వెక్కిరించావు. వాళ్లంతా నవ్వారు. నా ఒళ్లు మండిపోయింది.

హాలండ్‌లో మన ఫ్రీస్‌లాండ్ వదిలి అమెరికాలో ఈ ఐయోవా వచ్చాక, నాన్న పోయాక కూడా, భోజనం కాగానే అమ్మ ఆ నల్లగుడ్డ అట్ట పుస్తకం తెరిచి ఒక అధ్యాయం వినిపించేది. ఒక్క పూట మానలేదు. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

పక్కనే కూర్చునేదాన్ని కాబట్టి నాకు పేజీలు కనిపించేవి. అక్షరాలు రాకపోయినా ఆవు పొట్ట బొమ్మ తెలియదట్రా? అది పశువుల వైద్యం పుస్తకం. బైబిలు అధ్యాయాలన్నీ అమ్మకు కంఠతా వచ్చు.

వెండి కొక్కేలున్న మన అసలు బైబిలు, నీకు న్యుమోనియా వచ్చిన చలికాలంలో నీ మందుల కోసం అమ్మేసింది. "వాడికి తెలియనీయకే, జన్మంతా కుమిలిపోతాడు" అని నా చేత ఒట్టు వేయించుకుంది.

నాకు ఎనభై ఏళ్లొచ్చాక, అమ్మకిచ్చిన మాట తప్పించావు కదరా.