సున్నా మార్కుల సుభాషిణి

కృత్రిమ మేధ ప్రాథమిక పరీక్ష ప్యాసైనవాళ్ల మాట తప్ప ఇంట్లో ఏ యంత్రమూ వినకూడదని చట్టం వచ్చిన ఏడాది, తెనాలిలో పరంధామం, సుభాషిణి దంపతులు కలిసే పరీక్ష రాశారు. ఆయన ప్యాసయ్యాడు, ఆవిడ తప్పింది. ఆయన సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి, వీధంతా మైసూర్‌పాక్ పంచాడు.

మర్నాడు పొద్దున సుభాషిణి వంటింట్లోకి వెళ్లగానే, "క్షమించండమ్మా, సర్టిఫికెట్ ఉన్నవారిని పిలవండి," అంది స్టవ్.

"ఏవండీ, మిమ్మల్నే రమ్మంటోంది," అని ఆవిడ పేపరు తీసుకుని కూర్చుంది.

ఆనాటి నుంచి ఉప్మా దగ్గరా, బట్టల దగ్గరా, గిన్నెల దగ్గరా నిలబడి ఒక్కొక్కటీ చెప్పి చేయించే పని ఆయనదే అయింది. నెల తిరిగేసరికి నడుము పట్టేసింది. రోజూ సాయంత్రం భార్యకి పాఠాలు చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా తలూపింది. రెండోసారీ తప్పింది, మూడోసారీ తప్పింది.

ఉండబట్టలేక ఆయన పరీక్ష కేంద్రానికి వెళ్లి, పేపర్లు దిద్దే యంత్రాన్ని నిలదీశాడు.

"మా ఆవిడకి ఎన్నొచ్చాయి?"

"నలభైకి సున్నా అండి."

"కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా పది వస్తాయే!"

"అదేనండి. నలభై జవాబులూ తెలిసినవాళ్లకే నలభై తప్పులు రాయడం కుదురుతుంది. మీకు ఇరవై రెండే వచ్చాయి."

పరంధామం ఇంటికొచ్చి భార్య ఎదురుగా నిలబడ్డాడు. "అన్నీ తెలిసే తప్పు రాశావు కదూ?"

"ముప్ఫై ఏళ్లు నేను నిలబడ్డాను కదండీ," అంది సుభాషిణి, పేపర్లోంచి తలెత్తకుండానే.

పరంధామం తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్లి, స్టవ్‌తో మెల్లగా, "టీ, రెండు కప్పులు," అన్నాడు.