చివరి గది మనిషి

“ఇంకెంత సేపు సిస్టర్?”

అక్క అలా అడగడం అది నాలుగోసారి.

“ఇరవై నిమిషాలమ్మా. కరోనా రిజల్టు రానిదే ఏ మిషన్ మీదా పడుకోబెట్టలేం,” అంది డయాలసిస్ సెంటరు కౌంటర్లోని నర్సు.

పక్క కుర్చీలో తమ్ముడు ఆయాసపడుతున్నాడు. రెండు కిడ్నీలూ పాడై మూడేళ్ళు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎప్పుడూ వెళ్ళే సెంటరు మూతపడటంతో మొన్నటిది తప్పిపోయి, ఇవాళే మొదటిసారి ఇక్కడికొచ్చారు. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

సాయంత్రంలోగా ఒంట్లో నీరు తీయకపోతే అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని డాక్టరు పొద్దున్నే ఫోన్లో హెచ్చరించాడు.

“చిన్నప్పుడు ఏ పరీక్ష రాసినా తప్పేవాణ్ణి,” అన్నాడు తమ్ముడు. “ఇదీ తప్పితే బావుణ్ణక్కా.”

నవ్వబోయి దగ్గాడు.

వరండా చివర తలుపు తెరుచుకుంది. కరోనా సోకిన కిడ్నీ రోగులకు కేటాయించిన గది అది. అందులోంచి ఓ నడివయసు మనిషి గోడ పట్టుకుని నడిచొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి నీళ్ళలో ముంచి తీసినట్టుంది. వస్తూనే కుర్చీలో కూలబడి, మాస్కు దించి, లీటరు సీసా గటగటా ఖాళీ చేశాడు.

అక్కకి ఒళ్ళు మండింది. తమ్ముడికి రోజుకి అర లీటరు మించకుండా గ్లాసుతో కొలిచి పోసే మనిషి ఆమె.

“ఏమండీ, బుద్ధుందా? డయాలసిస్ అయ్యిందో లేదో, అన్నేసి నీళ్ళా?”

“దాహమమ్మా. పొద్దుట్నుంచి చుక్క తాగలేదు.”

“పైగా ఆ గదిలోంచి వచ్చి మా మధ్య కూర్చుంటారా?”

మిగతా రోగుల బంధువులూ లేచి దూరంగా జరిగారు.

“పది నిమిషాలమ్మా. తల తిరుగుతోంది.”

“బయట మెట్లున్నాయి. అక్కడ తిరగనివ్వండి.”

“అక్కా, ఊరుకో,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు మాట్లాడకు.”

ఆ మనిషి మాస్కు పెట్టుకుని లేచాడు. తమ్ముడి కాళ్ళవైపు చూసి ఆగాడు.

“బాబూ, వెనక్కి వాలకు. నిటారుగానే కూర్చో.”

“మీ సంగతి మీరు చూసుకోండి చాలు,” అంది అక్క.

అతను మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వెళ్ళిపోయాడు.

రిజల్టు వచ్చింది. పాజిటివ్.

తమ్ముడు ఏదో అనబోయాడు. ఊపిరి అందలేదు.

నర్సు తోసుకొచ్చిన తమ్ముడి చక్రాల కుర్చీ చివరి గది గుమ్మం దగ్గర ఆగింది. లోపల మిషన్ వెలుగుతోంది. కొత్త గొట్టాలు బిగించి ఉన్నాయి. మంచం మీద దుప్పటి మార్చి ఉంది.

మనుషులే లేరు.

“ఇప్పుడే అటు వచ్చారే, ఆయనేరి?” అంది నర్సు.

“ఎవరు, ఆ నీళ్ళు తాగినాయనా? బయటికి పంపేశాం.”

నర్సు పరుగెత్తింది. వెనకే అక్క.

మెట్ల మీద ఎవరూ లేరు.

“ఇందాక కళ్ళు తిరిగి పడిపోయాడు,” అన్నాడు వాచ్‌మన్. “తెలివి లేదు. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.”

అక్క నర్సు చెయ్యి పట్టుకుంది.

“ఆ పేషెంటుని అక్కడివాళ్ళు చూసుకుంటారు సిస్టర్. ముందు మావాణ్ణి మిషన్ ఎక్కించండి.”

“నాకా పని రాదమ్మా.”

“వచ్చినవాళ్ళని పిలవండి మరి.”

నర్సు రోడ్డువైపే చూస్తూ నెమ్మదిగా అంది.

“కరోనా వాళ్ళ దగ్గరికి రామని అందరూ మానేశాక, ఆ మిషన్ నడపడానికి మిగిలిన ఒకే ఒక్క టెక్నీషియన్ ఆయనేనమ్మా.”