యేసన్న జీపుకు టర్బో ఇంజను

టర్బో అనగానే మీకు వేగమే తోస్తుంది. ఎందుకు తోచదు? కూలిజీపు వెనక మీరెన్నడూ వేలాడిన పాపాన పోలేదు.

ఉరవకొండ యేసన్న తన పాత జీపులోంచి ఇంజను దించేసి, రేపు వచ్చే టర్బో ఇంజను కోసం ఛాసిస్‌కు కొత్త వెల్డింగు చేయించాడు. రోజూ అందులోనే కూలీలను కణేకల్ నాట్లకు తీసుకుపోయే హనుమక్క చూడవచ్చింది.

"ఏం యేసన్నా, జీపును పెండ్లికొడుకును చేస్తాండావే!"

"పాతది పదైదు మందికే రొప్పుతాండె అక్కా. ఇది ముప్పైమందినైనా లాగుతాది!"

"మరి బ్రేకులు?"

"పాతవే. బాగానే ఉండాయిలే. నీ రాత గుండ్రంగా ఉంటాది గానీ, బానెట్ మీద ఏదన్నా మంచిమాట రాయి."

సుద్దముక్క ఆమె చేతికిచ్చి టీ తేవడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి బానెట్ నిండిపోయి ఉంది. ఏదో దీవెన అనుకుని పైకే చదివాడు:

"ఇవి చేసేదాకా ఒక్కరం గూడ ఎక్కం.
ముందు బ్రేకులు మార్చాల.
పన్నెండుమందినే ఎక్కించాల.
ఎక్కేదానికి మెట్టు పెట్టాల.
పోయినేడు దీంట్లోంచి జారిపడి కాలు విరిగిన నా చెల్లెలికి ముందు సీటు ఇయ్యాల."