కింది గది కొలత

“మా ఆయన పోయి ఏడాదైంది. పుస్తకమంటే ఆమడ దూరం పారిపోయేవాడు. ఆయనకి లైబ్రరీ బాకీ ఏంటమ్మా?” ఫోన్లో బాకీల వసూలమ్మాయి మీద డార్లీన్ విరుచుకుపడింది.

“పుస్తకం కాదు మేడమ్. నేలలోంచి ఇళ్లలోకి వచ్చే విషవాయువుని కొలిచే మిషను. లైబ్రరీలో అవీ అరువిస్తారు. తిరిగిచ్చేస్తే బాకీ కొట్టేస్తాం.”

“ఉంటేగా ఇవ్వడానికి!” అంటూనే భర్త ఒరెస్ట్ పనిముట్ల పెట్టె తెరిచింది. అడుగున మిషను. దానికి అంటించిన చీటీ మీద ఒరెస్ట్ రాతే: ‘కింది గదిలో వాయువు రెండు వేలు. ప్రమాదం లేని హద్దు రెండు వందలు.’

ఆ గదిలోనే పదేళ్లు వడ్రంగం చేశాడు. సిగరెట్ ముట్టకుండానే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు.

ఇప్పుడందులో అద్దెకుంటున్న నర్సింగ్ పిల్ల దగ్గు పైకి వినిపించింది. ఆ అద్దెతోనే ఇల్లు గడుస్తోంది.

“దొరికిందా మేడమ్?”

డార్లీన్ పెట్టె మూసేసింది.

“లేదమ్మా. నూట నలభై డాలర్లేగా, కట్టేస్తాను.”